వడ్డించిన పేజీ

లెక్కకి జవాబు రెండు రావాలి. వకుళకి ఎనభై ఆరు వచ్చింది.

పొరపాటేమోనని మొదట్నుంచీ మళ్ళీ చేసింది. మళ్ళీ ఎనభై ఆరే. ఒళ్ళు మండి, వంటింట్లో ఉన్న తల్లిని కేకేసింది. మందాకిని చేతులు తుడుచుకుంటూ వచ్చి, అచ్చు పుస్తకంలో ఆ లెక్క వెతికి పట్టుకుంది. చూశాక ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సమీకరణం మధ్యలో, సరిగ్గా ప్లస్ గుర్తు దగ్గర, ఆ పేజీ అయిపోయింది. అడుగున పేజీ నంబరు ఉంది, ఎనభై నాలుగు. ఫైలు మార్చేటప్పుడు ఆ నంబరు అడుగునుంచి లేచి వచ్చి ప్లస్ పక్కన దర్జాగా కూర్చుంది.

“పేజీ నంబరు కూడా కలిపేశావే తల్లీ.”

“ప్లస్ పక్కనుంటే కలపరేంటి మరి? నువ్వైనా కలిపేదానివే,” అంది వకుళ.

నిజమే, ఎవరైనా కలుపుతారు. వకుళకి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. ఇంటర్మీడియెట్ చదువుతోంది, లెక్కలంటే ప్రాణం పెడుతుంది. ఆమె పుస్తకాలన్నీ ఒక పలకలో ఉంటాయి. పలక నిండా వేలకొద్దీ సన్నని పిన్నులు పైకి లేస్తూ, కిందికి దిగుతూ చుక్కల అక్షరాలవుతాయి. వాటిని వేళ్ళతో తడుముతూ చదువుకోవడమే. కథల పుస్తకాలతో ఏ ఇబ్బందీ లేదు. లెక్కల పుస్తకాన్ని ఆ పలకకి తగ్గట్టు మార్చినప్పుడు మాత్రం అక్షరాలన్నీ వస్తాయి, కూర్పు రాదు. భిన్నంలో పైనున్న అంకె, కిందున్న అంకె పక్కపక్కన చేరతాయి. ఘాతం నెత్తిమీంచి దిగి నేలమీద నిలబడుతుంది. శీర్షిక ఏదో, ఉదాహరణ ఏదో తెలియకుండా పుస్తకమంతా ఒకే తాడులా సాగుతుంది.

పోట్లాడి లెక్కల గ్రూపులో సీటు తెచ్చుకున్న పిల్ల అది. కాలేజీవాళ్ళు ఒక షరతు మీద చేర్చుకున్నారు. దసరా సెలవుల్లోగా పుస్తకాలు ఆమె తనంతట తాను చదువుకునేలా చేతికి అందాలి. అందకపోతే లెక్కలు వదిలేసి వేరే గ్రూపుకి మారాలి. మారడమంటే ఆ పిల్లకి ఊపిరి ఆపెయ్యమన్నట్టే.

ఆ పలకలు తయారుచేసే ప్రయోగశాలలోనే మందాకిని పనిచేస్తుంది. ప్రయోగశాల అనగానే అద్దాల మేడ ఊహించుకోనక్కర్లేదు. కాకినాడ జగన్నాథపురంలో సైకిల్ షాపు మీద రెండు గదులు. ఒక గదిలో ఆమె, ఇంకో గదిలో షరీఫ్, ఇద్దరికీ కలిపి టకటకమనే ఒక ఫ్యాను. పలకలో తీగలూ సర్క్యూట్లూ షరీఫ్ పని, పుస్తకాలని పలకలోకి ఎక్కించడం మందాకిని పని. అంతకుముందు చాలా ఏళ్ళు ఆమె ఒక ప్రెస్సులో పేజీలు కూర్చింది. అందుకే తన చేతిమీదుగా వెళ్ళే ప్రతి పుస్తకమూ ఇలా కూలిపోతుంటే ఆమె చూడలేకపోయేది.

దారి చివరికి ఒక వేరుశనగ పొట్లంలో దొరికింది.

విశాఖపట్నం నుంచి రావలసిన పిన్నుల పెట్టె కోసం సామర్లకోట స్టేషన్లో కూర్చుని, మందాకిని వేరుశనక్కాయలు కొనుక్కుంది. తినడం అయ్యాక పొట్లం కాగితం విప్పి చూసింది. ఒరియా పేపరు. ఆమెకి ఒరియాలో ఒక్క అక్షరం రాదు. అయినా ఇది పెద్ద వార్త, ఇది ధరల పట్టిక, మూలనున్నది పద్యం, దాని కింద నల్లగీతల మధ్య ఉన్నది ఎవరో పోయారన్న ప్రకటన అని రెప్పపాటులో తెలిసిపోయింది. ఒక్క అక్షరమైనా చదవకుండా ఇదంతా ఎలా తెలిసిందా అనుకుంది. అంతే. పిన్నుల పెట్టె సంగతి మరిచిపోయి, ఆ కాగితం పట్టుకుని దొరికిన బస్సెక్కేసింది.

“షరీఫ్ గారూ, చదవడం కంటే ముందే కన్ను ఇంకో పని చేసేస్తోందండి,” అంది గుమ్మంలోంచే. “దేనిమీద ఏదుంది, ఎక్కడ ఖాళీ ఉంది, ఏది దేనికి చెందింది, అదంతా ముందే లోపల పరుచుకుంటోంది. అక్షరాలు తర్వాతొస్తున్నాయి. మనం అక్షరాల్ని పట్టుకుని వేలాడుతున్నాం.”

షరీఫ్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎప్పుడూ వెటకారంగా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అయితే లోపల ఆ పరుచుకున్న తీరుని పట్టాలంటారు. తలకి పట్టీ కట్టి, నేరుగా బుర్రలోంచి.”

“ఆయ్, పట్టాలండి.”

పట్టడానికి వానాకాలం సగం పట్టింది. మెత్తటి పట్టీ ఒకటి, దానికి చిన్న చిన్న రేకులు. తలకి కట్టుకుని ఎదురుగా తెరమీద పేజీని ఒక్కసారి చూస్తే చాలు. చదవకూడదు, ఊరికే చూడాలి. ఆ క్షణంలో బుర్రలో పరుచుకున్న తీరుని పట్టీ లాక్కుని ఫైలుకి అతికిస్తుంది. భిన్నమైతే పిన్నులు రెండు మెట్లుగా నిలుస్తాయి. శీర్షికైతే ఎత్తుగా లేస్తుంది. ఖాళీ ఉన్నచోట పలక నున్నగా ఉండిపోతుంది.

మొదటి పేజీని మందాకినే చూసింది. పలక ఇంటికి పట్టుకెళ్ళి, పిల్ల చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడింది. వకుళ వేళ్ళు మామూలుగా ఎడమ నుంచి కుడికి జరిగాయి. ఒకచోట ఆగాయి. పైకి వెళ్ళాయి, కిందికి దిగాయి, మళ్ళీ పైకి వెళ్ళాయి.

“అమ్మా, ఇది దానిమీద కూర్చుంది,” అంది మెల్లగా. “మధ్యలో గీత ఉంది. భిన్నమంటే ఇలాగుంటుందా? ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటి నాకు?”

తర్వాత పేజీ మొత్తాన్ని రెండు అరచేతులతో ఒకేసారి కప్పి చూసింది. మొహం వెలిగిపోయింది. “కంచంలాగుందమ్మా. ఒక్కొక్కటీ తడమకుండానే ఏది ఎక్కడుందో తెలుస్తోంది.”

ఆ మాటకి మందాకిని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్ల పాకే వయసునుంచీ ఆమె కంచంలో వడ్డన ఎన్నడూ మార్చలేదు. పైన ఎడమవైపు ఉప్పూ పచ్చడీ, పైన కుడివైపు కూర, మధ్యలో అన్నం, దానిమీద పప్పు, కింద కుడివైపు తీపి. చూపులేని పిల్ల ఎవరినీ అడగకుండా తినాలని పెట్టుకున్న పద్ధతి అది. ఆ పిల్ల మొట్టమొదట చదివిన పేజీ ఆ కంచమే. అందుకే యంత్రానికి “వడ్డన” అని పేరు పెట్టారు. షరీఫ్ పట్టీ వెనక మార్కర్‌తో ఆ పేరు రాసి, చుట్టూ ఒక పువ్వు కూడా గీశాడు.

ఇక ఆగలేదు. బీజగణితం అయింది, త్రికోణమితి అయింది. వకుళ రోజంతా పలక వదలకుండా లెక్కలు చేస్తూ, వచ్చిన జవాబులు గట్టిగా చెబుతూ, ఇంట్లోవాళ్ళ చెవులు చిల్లులు పొడిచింది. సంగతి ఎలా పాకిందో ఏమో, అమలాపురం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఇద్దరు, చూపులేని పిల్లల తల్లిదండ్రులు పుస్తకాలు సంచుల్లో వేసుకుని సైకిల్ షాపు మెట్లెక్కారు. మందాకిని ఎవరినీ కాదనలేదు. పేజీ వెనక పేజీ చూస్తూనే ఉంది. ఆమె చూసినంత శుభ్రంగా ఇంకెవరు చూస్తారని షరీఫ్ కూడా అనుకున్నాడు. పాతికేళ్ళుగా పేజీల్లో నానిన కన్ను కదా మరి.

కొన్ని వారాలకి పట్టీలోంచి వచ్చే సంకేతం పలచబడింది. తీగ ఎక్కడో వదులయిందన్నాడు షరీఫ్. విప్పి బిగించాడు. రేకులు మార్చాడు. అయినా లాభం లేకపోయేసరికి యాంప్లిఫయర్ పెంచాడు. సంకేతం మళ్ళీ బాగానే వచ్చింది. వారం తర్వాత ఇంకాస్త పెంచాడు. యంత్రాలు చేసేవాళ్ళకి ఉండే జబ్బే అది. సన్నగిల్లింది తీగ కాదేమో, తీగకి అటు చివరున్న మనిషేమోనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

చిన్న చిన్న సూచనలు కనబడకపోలేదు. మందాకిని స్కూటర్‌ని వరసలో కాకుండా దారికి అడ్డంగా పెడుతోంది. షరీఫ్‌కి పంపే మెసేజీల్లో చుక్కా లేదు, ఖాళీ లేదు, అంతా ఒకే ముద్ద. మాట మొదలుపెడితే ఒక సంగతిలోంచి ఇంకో సంగతిలోకి ఆగకుండా వెళ్ళిపోతోంది. పని ఒత్తిడి అనుకున్నారు అందరూ. ఆమెకైతే ఏ తేడా తెలియలేదు. లోపల నుంచి చూసేవాళ్ళకి అది తెలిసేది కాదు.

బయటపడింది ఒక ఆదివారం భోజనాల దగ్గర. ఇక మిగిలింది సమాకలనం పుస్తకం ఒక్కటే. అది కూడా అయితే వకుళ సీటు నిలబడినట్టే. ఆ సంతోషంలో మందాకిని వంకాయ కూర, మామిడికాయ పప్పు, సేమ్యా పాయసం చేసి, తండ్రికీ కూతురికీ వడ్డించింది. భర్త సుధాకరం హార్బరులో టగ్గు నడుపుతాడు. ఏది పెట్టినా ఒక్క ముద్దగా కలిపి అయిదు నిమిషాల్లో లేచిపోయే మనిషి. ఆయన అప్పటికే సగం తినేశాడు.

వకుళ చెయ్యి అలవాటుగా కింద కుడివైపుకి వెళ్ళింది. వేలు నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడింది. ఆవకాయ. పైన కుడివైపు తడిమింది. అక్కడేమీ లేదు. మధ్యలోకి వచ్చింది. అన్నం, దానిమీద పాయసం, పాయసంలో కూర, ఉప్పు ఎక్కడ కలిసిందో తెలియదు.

“అమ్మా, నా కంచం ఒకసారి చూడు.”

“చూశానే. అన్నీ పెట్టాను కదా. కూర, పప్పు, పాయసం, ఆవకాయ.”

“అన్నీ ఉన్నాయి. ఏదీ దాని చోట లేదు.”

మందాకిని వంగి కంచంలోకి చూసింది. ఆమెకి అందులో తప్పేమీ కనబడలేదు. ఎర్రగా ఉంది, పచ్చగా ఉంది, తెల్లగా ఉంది. అన్నీ ఉన్నాయి.

సుధాకరం తన కంచంలోకి చూసుకున్నాడు. “నాకూ ఇలాగే పెట్టావా మందా? నేనే కలుపుకున్నాననుకున్నానే,” అన్నాడు. పాయసంలో ఆవకాయ తింటున్నా ఆయన పట్టించుకోలేదని అప్పుడు తేలింది. ఇంకో రోజైతే ఆ మాటకి ఇల్లంతా నవ్వేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వకుళ ఎంగిలి చేత్తోనే తల్లి మణికట్టు పట్టుకుంది.

“ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ?”

మర్నాడు పొద్దున్నే తల్లీ కూతురూ మెట్లెక్కి వచ్చి చెబితే షరీఫ్ విషయం విన్నాడు. లోపలికి వెళ్ళి, దాచిపెట్టుకున్న ఒరియా పేపరు ముక్క తెచ్చి బల్లమీద పరిచాడు.

“ఇందులో పద్యం ఎక్కడుందో చూపించండి మందాకిని గారూ.”

ఆమె చాలాసేపు చూసింది. నేలంతా చీమలు పట్టినట్టు కాగితం నిండా నల్లటి గుర్తులు. మూలేదో, మధ్యేదో, ఏది ఎక్కడ ఆగిందో ఏమీ తెలియలేదు. ఆమెకి మొదటిసారి భయం వేసింది. వెతుకుతున్నట్టు నటిద్దామనుకుంది గానీ కళ్ళు వినలేదు.

షరీఫ్ కుర్చీలో కూలబడ్డాడు. “నేను పెంచుకుంటూ పోయానండి. మీలోంచి లాగుతున్నానని తెలీకుండా పెంచుకుంటూ పోయాను. తవ్వేకొద్దీ ఊరుతుందిలే అనుకున్నాం. ఊరడానికి టైమివ్వలేదు మనం.”

మందాకిని చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన పని వింటే ఎవరికైనా కోపం వస్తుంది. పట్టీ తీసి తలకి కట్టుకోబోయింది.

“ఇంకొక్క పుస్తకమే కదండీ. పోయిందెలాగూ పోయింది. అడుగున కాస్త మిగిలుంటే అది కూడా దీనికే పెడదాం. పిల్ల సీటు నిలబడుతుంది. నాకు దాంతో ఏం పని ఇక, పేజీలు కూర్చే ఉద్యోగమా?”

“తియ్యి,” అంది వకుళ.

“నీకు తెలీదే…”

“నాకే తెలుసు. రేపు నేను లెక్కల్లో ఫస్టొచ్చానని ఇంటికొచ్చి చెప్తాను. ఆ మాట ఎక్కడ మొదలైందో ఎక్కడైపోయిందో నీకు తెలీదు. మధ్యలో నువ్వు పాలవాడి గురించి మాట్లాడతావు. నాకు పుస్తకం కావాలి, చాలా కావాలి. కానీ నిన్ను పెట్టి కొనుక్కోను.”

కూతురు చెయ్యి చాచి, తడిమి, తల్లి తలమీంచి పట్టీ లాగేసింది. వకుళ పట్టీని ఒళ్ళో పెట్టుకుని, రేకుల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తింది.

“షరీఫ్ అంకుల్, పెళ్ళిలో బంతి భోజనాలకి వడ్డన ఎంతమంది చేస్తారు?”

“ఎంతమందేంటమ్మా, బోలెడుమంది. ఒకళ్ళు పప్పు, ఒకళ్ళు కూర…”

“ఒక్కడే అన్ని బకెట్లూ మొయ్యడు కదా?”

షరీఫ్ ఒక్క ఉదుటున లేచి పట్టీ లాక్కుని తన తలకి కట్టుకున్నాడు. యాంప్లిఫయర్ మొదటి రోజున్న చోటికి దించి, ఒకే ఒక్క పేజీ చూశాడు. పేజీ అయ్యాక కొలిస్తే అతని సంకేతం కాస్త తగ్గింది. మర్నాడు ఎనిమిదింటికే వచ్చి మళ్ళీ కొలుచుకున్నాడు. తగ్గినదంతా మళ్ళీ నిండిపోయింది. సైకిల్ షాపు కుర్రాళ్ళని పైకి పిలిచి వాళ్ళ మీదా కొలిచాడు. వాళ్ళకీ అంతే. మనిషికి ఒక్క పేజీ అయితే ఒక రాత్రి నిద్రకి మళ్ళీ ఊరిపోతుంది.

“ఒకళ్ళకి ఒక పేజీ, అంతకుమించి వద్దు,” అన్నాడు షరీఫ్, గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తూ. “కొలవకుండా ఎవరి తలా ముట్టుకోను. ఈసారి తప్పు చేస్తే నన్ను ఈ మెట్లమీంచి తోసెయ్యండి.”

మనుషులు కావాలి. సుధాకరం ముందు తన టగ్గు సిబ్బందినంతా వెంటబెట్టుకొచ్చాడు. ఆ మధ్యాహ్నానికి పుస్తకంలో పేజీలెన్నో అంతమంది సైకిల్ షాపు ముందు వరస కట్టారు. టిఫిన్ హోటలాయన అట్లకాడ చేతిలో పట్టుకునే వచ్చాడు. చేపలమ్మే సత్తెమ్మ బుట్ట మెట్లకింద దించి, “నాకు సదవడం రాదు కదమ్మా, ఏం సూస్తాను?” అంటూ వెనక్కి తగ్గింది.

“చదవక్కర్లేదత్తా, చూస్తే చాలు,” అంది వకుళ. “నీ బుట్టలో ఏ చేప ఎక్కడుందో చూసినట్టే చూడు.”

సత్తెమ్మ చూసింది. పేజీ పలకలోకి వచ్చింది. వరసలో ఉన్నవాళ్ళు ఎవరి పేజీ ఎలా వచ్చిందోనని మెట్లమీంచి మెడలు సాచి అడగడం మొదలుపెట్టారు. పరీక్ష రాసొచ్చిన పిల్లల్లా ఉంది వాళ్ళ హడావుడి. వకుళ కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన పేజీని వచ్చినట్టే తడుముతూ అప్పటికప్పుడు తీర్పు చెబుతోంది. పొడుగాటి గుర్తు, దాని కింద చిన్న అంకె, పైన చిన్న అంకె. సమాకలనం అంటే ఇదన్నమాట అని ఆమె వేళ్ళు పరిగెడుతున్నాయి.

ఒక పేజీ దగ్గర ఆమె పకపకా నవ్వింది. వరసలన్నీ ఒకదానిమీదికి ఒకటి జరిగి, ఖాళీలు ఇరుకైపోయి ఉన్నాయి.

“ఇది నాన్న చూసిన పేజీ కదూ?”

“ఎలా తెలిసిందే?” అన్నాడు సుధాకరం ఆశ్చర్యంగా.

“కలిపేశావు నాన్నా. ఫరవాలేదు, తినొచ్చు.”

మెట్లమీద నవ్వులు. వరస చివర, తెల్లచొక్కా వేసుకుని, ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకాయన నిలబడ్డాడు. కాలేజీలో లెక్కల లెక్చరరు. షరతు పెట్టినవాళ్ళలో ఆయనా ఒకరు. తన వంతు వచ్చినప్పుడు పట్టీ కట్టించుకుని, చివరి పేజీ చూసి, “దసరా దాకా ఆగక్కర్లేదమ్మా,” అన్నాడు వకుళతో. “రేపట్నుంచి ముందు బెంచీలో కూర్చో.” గబగబా దిగి వెళ్ళిపోయాడు.

మందాకిని ఇదంతా ఒక పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది. ఆమెకి సంతోషంగా ఉంది, ఒళ్ళంతా పొంగిపోతోంది. అయితే ఆ గదిలోని మనుషులూ మాటలూ నవ్వులూ అన్నీ ఒకే ముద్దగా మీదికి వచ్చి పడుతున్నాయి. తనది మళ్ళీ ఊరుతుందో లేదో చెప్పలేనన్నాడు షరీఫ్. అబద్ధం చెప్పనందుకు ఆమెకి అతనిమీద గౌరవం పెరిగింది.

ఆ రోజు సాయంత్రం వంట సుధాకరం చేశాడు. వకుళ తల్లిని పీటమీద కూర్చోబెట్టి, కంచం తెచ్చి, తడుముతూ తానే వడ్డించింది. ఒక్కొక్కటీ పెట్టి తల్లి వేళ్ళు పట్టుకుని దానిమీద ఆనించింది.

“పైన ఎడమవైపు ఉప్పు. దాని పక్కన పచ్చడి. ఇదిగో, పైన కుడివైపు కూర. మధ్యలో అన్నం, పప్పు. కింద కుడివైపు బెల్లం ముక్క. కంగారు పడకు. ముందు చేత్తో చూడు, తర్వాత కళ్ళతో.”

పిల్ల చిన్నప్పుడు మందాకిని చెప్పిన మాటలే, అదే వరసలో. ఆమె చూపుడువేలు ఉప్పు మీంచి పచ్చడి మీదికి, అక్కడ్నుంచి కూర మీదికి జరిపింది. మళ్ళీ మొదట్నుంచి జరిపింది. కంచంలో రంగులన్నీ ఎప్పటిలా అలుక్కుపోయే ఉన్నాయి. మూడోసారి వేలు పచ్చడి దాటి కూర చేరేలోపు చల్లగా, నున్నగా ఏదో తగిలింది. వేలు అక్కడే ఆపి కళ్ళు చిట్లించింది. వేలి కింద, పచ్చడి ఎరుపుకీ వంకాయ కూర ఊదాకీ మధ్య, సన్నగా మెరుస్తూ స్టీలు కనిపించింది.

“వకుళా,” అంది, ఊపిరి బిగబట్టి. “ఇక్కడ ఏమీ పెట్టలేదు కదూ నువ్వు?”

“లేదమ్మా. అది ఖాళీ.”

“కనిపిస్తోందే.”